ఐదువందల పదకొండు గుర్రాలు

పోయిన వారం మనం షిహోను మొమొసె గ్యారేజీలో రెండు కాగితాల ముందు కూర్చోబెట్టి వచ్చాం. రెండూ సెలూన్ నడిపే యగుచి గారి కారువే. ఒకటి ఈ గ్యారేజీ ఇచ్చింది, ఐదువందల మూడు గుర్రాల బలం అని. రెండోది ఆయన చుట్టాల పెళ్ళికి సముద్రం పక్కనున్న నగోయా దిగినప్పుడు సరదాకి అక్కడెవరి దగ్గరో కొలిపించుకున్నది. అందులో నాలుగువందల అరవై ఒకటి. "ఇద్దరిలో ఎవరి మెషీన్ అబద్ధమాడుతోందమ్మా?" అని నవ్వుతూనే అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడాయన.

ఆ తర్వాత మూడు రోజులు షిహోకు తిండి సహించలేదు. కారు చక్రాలను తిప్పించి బలం కొలిచే మెషీన్ రోలర్లు విప్పి చూసింది. టైర్లలో గాలి, కారును నేలకు బిగించే పట్టీలు, గాలి వేడిని చూసే తీగ, అన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించింది. గ్యారేజీ పాత వ్యానును రోలర్ల మీద ఎక్కించింది. దానికి టర్బో లేదు, ఏటా కొలుస్తారు, ఏటా ఒకే అంకె వస్తుంది. ఈసారీ అదే వచ్చింది. మెషీన్ ఆరోగ్యంగానే ఉంది.

నాలుగో రోజు పొద్దున్న జవాబు దొరికింది. దొరక్కపోయినా బాగుండేదనిపించింది.

మొమొసె తెత్సురో అప్పటికి బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. అరవై ఏడేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా సువా సరస్సు ఒడ్డున ఇంజన్లకు బలం పోస్తున్న చెయ్యి ఆయనది. షిహో వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మేస్త్రీ గారూ, తప్పు మెషీన్‌ది కాదు. నాది."

ఆయన కప్పు దించలేదు. "కూర్చుని చెప్పు."

"నిలబడే చెప్తాను. మన ఊరు ఎనిమిది వందల మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పల్చన. మామూలు ఇంజన్‌కి ఈ గాలి చాలదు, ఆయాసపడుతుంది. అందుకని ఎత్తు సవరణ అని మెషీన్‌లో ఒకటుంది. ఇక్కడ వచ్చిన అంకెకి కొంత కలిపి, సముద్రం ఒడ్డున అయితే ఇంత వచ్చేదని చూపిస్తుంది. వ్యానుకి అది న్యాయమే. కానీ టర్బోకి ఆయాసమెక్కడిది? గాలిని అదే కుక్కి లోపలికి తోసుకుంటుంది. పోగొట్టుకోని బలానికి మనం పరిహారం కట్టిస్తున్నాం. నూటికి తొమ్మిది గుర్రాలు గాల్లోంచి తెచ్చి కలుపుతున్నాం. యగుచి గారి ఐదువందల మూడులోంచి అవి తీసేస్తే సరిగ్గా నాలుగువందల అరవై ఒకటి."

"ఊఁ."

"ఆ సవరణ పెట్టించింది నేనే."

అది ఆరేళ్ళ కిందటి మాట. కరసావా షిహోకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. చదువు ముగించి, రెండు పెద్ద గ్యారేజీల్లో పనిచేసి, సొంత ఊరికి తిరిగొచ్చిన కొత్త. మొదటి నెలలోనే మొమొసెతో వాదం వేసుకుంది. ఉన్నది ఉన్నట్టు రాసివ్వడం పాత పద్ధతని, పుస్తకాల్లో అంతా సవరణ చేసే రాస్తారని గట్టిగా చెప్పింది. "చదువుకున్నదానివి, నాకంటే నీకే తెలియాలి" అని ఆయన ఊరుకున్నాడు. పుస్తకంలో ఆ కిందే ఉన్న రెండు వాక్యాలు, టర్బో సంగతి, ఆమె చదవలేదు. ఇవాళ చదివింది.

గ్యారేజీ పడమటి గోడ మీద వరసగా ఇత్తడి పలకలున్నాయి. ఐదువందలు దాటిన ప్రతి కారుకూ ఒకటి, యజమాని పేరుతో సహా. షిహో రాకముందు ఇరవై ఏళ్ళలో నాలుగు పలకలు. వచ్చాక ఆరేళ్ళలో ఇరవై ఏడు. నా చేతి మహిమ అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆ గోడ వంక చూడాలంటే ముఖం చెల్లడం లేదు.

మొమొసె టీ ముగించాడు. కోప్పడలేదు. ఆయన ముఖంలో కనిపించినది షిహోకు అంతుపట్టలేదు. చాలా దూరం మోసిన మూటను ఎవరో వచ్చి అందుకున్నట్టుంది ఆ ముఖం.

"మీట నువ్వు నొక్కావు. కాగితాల మీద ముద్ర నాది. సగం సగం," అన్నాడు. "ఫోన్లు చెయ్యి. అందరికీ చెప్పు. మళ్ళీ ఊరికే కొలిచిస్తామను."

"అందరికీనా?"

"ఒక్కరికి చెప్పి ఒక్కరికి చెప్పకపోతే అది చెప్పడం ఎలా అవుతుంది?"

ఆ రోజూ మర్నాడూ ఫోన్ల మీదే గడిచింది. తిడతారని ముందే సిద్ధపడింది షిహో. కొందరు తిట్టారు కూడా. మత్సుమొతో నుంచి ఒకాయన "అయితే నేను నలుగురిలో చెప్పుకున్న గొప్పలన్నీ ఇప్పుడు ఎవరు వెనక్కి తీసుకుంటారు? మీరా?" అని అరిచి పెట్టేశాడు. ఒక పెద్దాయన మాత్రం గొంతు బాగా తగ్గించాడు. "చూడమ్మా, ఐదువందలు దాటగానే ఇక ఇంజన్ జోలికి పోనని మా ఆవిడకి మాటిచ్చాను. దాటలేదంటున్నావు. అంటే మాట ఇంకా మొదలవ్వనట్టేగా? ఆ కాగితం తొందరగా ఇప్పించు తల్లీ!"

ఆ మాటకు షిహో మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

యగుచి గారికి ఎదురుగా వెళ్ళి చెప్పింది. ఆయన ఎవరి తలకో సబ్బు రాస్తూ విన్నాడు. "బండి అదే, రోడ్డూ అదే, నడిపేవాడూ నేనే. తగ్గిందల్లా నా పొగరు నలభై రెండు గుర్రాలు," అని మళ్ళీ కత్తెర అందుకున్నాడు.

జాబితాలో ఒక్క పేరు మిగిలింది. ఫుజిమోరి కొహెయి.

"వాళ్ళమ్మకి నేను చెప్తాలే," అన్నాడు మొమొసె. అని రెండు రోజులైనా చెప్పలేదు. ఆలస్యం ఎందుకో తనకు తెలుసనుకుంది షిహో.

ఆడపిల్ల చేతికి ఇంజనా అని ఊళ్ళో కుర్రకారంతా ముఖం తిప్పుకున్న రోజుల్లో, తన కారు తాళం తెచ్చి ఆమె అరచేతిలో పెట్టిన మొదటి మనిషి కొహెయి. "ఇంజన్‌కి ఆడా మగా ఏం తెలుస్తుంది? నువ్వు విప్పు," అన్నాడు. ఆరు వారాలు పనిచేసింది దాని మీద. ఐదువందల పదకొండు వచ్చింది. షిహో తన పేరుతో సంతకం పెట్టి ఇచ్చిన మొదటి కాగితం అది. ఆ కాగితం పట్టుకుని అతను గ్యారేజీ అంతా గంతులేశాడు. ఆర్నెల్లు తిరక్కుండా రక్తానికి సంబంధించిన జబ్బుతో పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళు.

ఏడాది తిరిగాక వాళ్ళమ్మ అతనికి సమాధి రాయి పెట్టించింది. ముందువైపు అందరికీ ఉన్నట్టే ఇంటిపేరు. పక్కన చిన్న కారు బొమ్మ, దాని కింద అంకె. ఐదువందల పదకొండు. గుడి గురువు గారు అది ఏదో ఫోన్ నంబరనుకుని, ఎవరికైనా ఫోన్ చెయ్యాలా అని అడిగారట.

కాగితమైతే చింపి కొత్తది ఇవ్వొచ్చు. పలకైతే మేకు ఊడదీయొచ్చు. రాయినేం చేస్తారు?

శనివారం మధ్యాహ్నం గ్యారేజీ ముందు ఒక ఇంజన్ శబ్దం వినిపించి షిహో తలెత్తింది. చూడకుండానే పోల్చుకుంది. కొహెయి నీలం రంగు కారు. నడిపింది యగుచి గారు. పక్క సీట్లోంచి చేతిసంచీతో అతని తల్లి ఫుజిమోరి మసుయో గారు దిగింది. డెబ్బై దాటిన మనిషి, చిన్నగా గట్టిగా ఉంటుంది. బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పింది.

"జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తే ఊరంతా తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలీదని తెలిసింది," అంది వస్తూనే. యగుచి గారు చెవి గోక్కుని, షాపులో ఎవరో కూర్చునున్నారని చెప్పి నడిచి వెళ్ళిపోయాడు.

షిహో నడుము వంచి తలదించుకుంది. అలాగే ఉండి, "నన్ను క్షమించండి" అంది.

"తల పైకెత్తు తల్లీ. మెడ పట్టేస్తుంది. నువ్వు కావాలని చేశావా?"

"లేదండీ. తెలీక చేశాను."

"మరింకేం. కొలువు."

మొమొసె లోపలి నుంచి గబగబా వచ్చాడు. "ఫుజిమోరి గారూ, ఇప్పుడెందుకండీ. అది ఐదేళ్ళుగా షెడ్డులో ఉన్న బండి. టైర్లు గట్టిపడి ఉంటాయి, రోలర్ల మీద పేలితే ప్రమాదం."

షిహో టైరు వైపు చూసింది. పక్కన అచ్చుపోసిన తారీఖు రెండేళ్ళ కిందటిది. మేస్త్రీ గారికి కళ్ళు తగ్గాయి కాబోలు అనుకుంది.

"మొమొసె గారూ," అంది మసుయో గారు, సంచీ బల్ల మీద పెడుతూ. "నాలుగు వందల మంది పిల్లలకి రోజూ ఉప్పు వేసిన చెయ్యి ఇది. ఒకరోజు రెండుసార్లు పడింది. ఎవరికీ చెప్పకుండా నీళ్ళు కలిపి సర్దేద్దామనుకున్నా. మొదటి ముద్దకే ఒకటో క్లాసు పిల్ల లేచి, వంటామ్మా, సముద్రం తాగినట్టుంది అంది. అప్పట్నుంచీ కొలత తప్పితే నేనే ముందు చెప్పేస్తాను. ఆ రాయి చెక్కించింది నేను. తప్పయితే ఉలి పట్టుకునేవాణ్ణి మళ్ళీ పిలిపిస్తాను. మా వాడికి తక్కువ అంకె ఉంటే చిన్నతనమా? బతికినన్నాళ్ళూ ఏ లెక్కల పరీక్షలోనూ ఎక్కువ తెచ్చుకున్నవాడు కాదులే!"

నవ్వుతూ అన్న ఆ మాటకు ఎదురు చెప్పడం మొమొసె వల్ల కాలేదు. కుర్చీ లాక్కుని గోడ వారగా కూర్చుండిపోయాడు.

షిహో కారును రోలర్ల మీదకు తెచ్చింది. నాలుగు పట్టీలూ ఒకే బిగువున లాగింది. టైర్ల గాలి సరిచేసింది. రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాను పెట్టింది. గాలి వేడీ ఒత్తిడీ రాసుకుంది. ఎత్తు సవరణ తీసేసింది. తీసేశానని రెండుసార్లు చూసుకుంది. రావలసిన అంకె ఆమెకు ముందే తెలుసు. ఐదువందల పదకొండులోంచి గాలి గుర్రాలు తీసేస్తే నాలుగువందల అరవై తొమ్మిది.

ఆయిల్ వేడెక్కేదాకా ఆగి, నాలుగో గేరులో పెట్టి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కింది. షెడ్డు రేకులు అదిరాయి. మసుయో గారు చెవులు మూసుకోలేదు. చేతులు కట్టుకుని, బడి ఉత్సవంలో పిల్లవాడి పాట వింటున్న తల్లిలా నిలబడింది.

తెర మీద గీత పైకి పాకి, వంగి, ఆగింది.

ఐదువందల పదకొండు.

షిహో సవరణ మళ్ళీ చూసింది. తీసేసే ఉంది. టైర్లు జారాయేమోనని చూసింది. లేదు. ఇంజన్ చల్లబడనిచ్చి మళ్ళీ తొక్కింది. ఐదువందల పది. మూడోసారి. ఐదువందల పన్నెండు. ఒక్కసారి వచ్చిన అంకెను కొట్టిపారేయొచ్చు. మూడుసార్లు వచ్చినదాన్ని ఏమనగలం?

"ఎంతమ్మా?"

"ఐదువందల... పదకొండు అండీ."

మసుయో గారు వెళ్ళి కారు ముందు రేకు మీద అరచెయ్యి ఆనించింది. వేడిగా ఉన్నా తీయలేదు. "చూశావా," అంది చాలా మెల్లగా. ఎవరితోనో మరి. కళ్ళు తుడుచుకుని, వెంటనే పనిలోకి దిగింది. సంచీలోంచి నొజావానా ఆకు ఊరగాయ డబ్బా తీసింది. టీ పెట్టింది. ముగ్గురూ తాగారు. షిహోకు ఆ ఊరగాయ రుచి తెలియలేదు. మొమొసె ఒక్క ఆకు కూడా ముట్టుకోలేదు. మసుయో గారు కప్పులన్నీ పోగుచేసుకుని, "వద్దన్నా నేనే కడుగుతా, ఇవాళ నాకు సంతోషంగా ఉంది," అంటూ వెనక వంటగదిలోకి వెళ్ళింది.

కుళాయి విప్పిన చప్పుడు వినిపించగానే షిహో బానెట్ ఎత్తింది.

ఆరు వారాలు తన చేతుల్లో ఉన్న ఇంజన్ అది. అందులో ప్రతి గొట్టమూ తనకు తెలుసు. ఇప్పుడక్కడ ఉన్న టర్బో తను బిగించినది కాదు. ఒక సైజు పెద్దది. పెట్రోలు చిమ్మే ముక్కులు కూడా వేరు. ప్రతి బోల్టు తల మీదా, బిగింపు ముగిసిందన్నదానికి గుర్తుగా, ఆకుపచ్చ రంగు గీత ఉంది. అలా సన్నగా, చివర కొంచెం వంకరగా గీత గీసే చెయ్యి ఈ జిల్లా మొత్తానికి ఒక్కటే.

"ఎప్పుడు చేశారు?" అంది వెనక్కి తిరక్కుండానే.

వెనక మొమొసె కుర్చీ కిర్రుమంది.

"మేస్త్రీ గారూ, ఎప్పుడు?"

"నాలుగేళ్ళ కింద సగం. రెండేళ్ళ కింద సగం. ప్రభుత్వ తనిఖీకి బండిని నేనే తీసుకెళ్తాను కదా. ఆవిడకి కారణం చెప్పక్కర్లేదు. ఆదివారాలు, నువ్వు లేనప్పుడు చేశాను. రాయి పెట్టించానని, వచ్చి చూడమని పిలిచింది. వెళ్ళాను. ఆ అంకె చూశాను. రాయిని మార్చమని నోరు రాలేదు. బండిని మారిస్తే సరిపోతుందనుకున్నాను."

ముందు షిహో గుండె కరిగింది. ఈ ముసలాయన ఎన్ని ఆదివారాలు ఒంటరిగా, నడుం నొప్పితో, చనిపోయిన కుర్రాడి అంకె నిలబెట్టడానికి ఈ బానెట్ కింద వంగి ఉంటాడో కళ్ళకు కట్టింది. ఆ వెనకే రెండో ఆలోచన వచ్చి మొదటిదాన్ని మింగేసింది.

"అంటే నాలుగేళ్ళ కిందటే మీకు తెలుసు. అంకెలు తప్పని."

"ఊఁ."

"తెలిసీ నాతో సంతకాలు పెట్టించారు. నిన్నా మొన్నా నేను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తెలీక చేశాను, తెలీక చేశాను అని ఏడుస్తుంటే పక్క గదిలో కూర్చుని విన్నారు. సగం సగం అన్నారు!"

"రోజూ చెబుదామనే అనుకున్నాను, షిహో. అప్పటికే గోడ మీద తొమ్మిది పలకలున్నాయి. నీ పేరు చూసి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారు. నువ్వు పాటలు పాడుకుంటూ పని చేసేదానివి. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. రేపటికి పలక ఇంకోటి పడేది. తప్పు చిన్నగా ఉన్నప్పుడు చెప్పలేనివాణ్ణి, పెరిగాక ఏం చెప్తాను?"

"నన్ను కాపాడారనుకుంటున్నారా?"

"లేదు. నన్ను నేనే కాపాడుకున్నాను. నీకు చెప్తే నువ్వు వెళ్ళిపోతావని భయం."

ఈ మాట ఆమె ఊహించలేదు. బానెట్ అంచు పట్టుకున్న వేళ్ళు సడలాయి. నలభై ఏళ్ళలో ఈయన ఎవరి ముందైనా భయమనే మాట అని ఉంటాడా? కానీ కోపం అంత తేలిగ్గా వదిలేలా లేదు.

"నేను మూడు రోజులు మెషీనంతా విప్పితే దొరికింది. మీరు పుస్తకం తెరిచే మనిషి కూడా కాదు. మీకెలా తెలిసింది?"

మొమొసె చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూపులు చూశాడు.

"నేను కనుక్కోలేదు. నాకు చెప్పాడు."

"ఎవరు?"

"కొహెయి."

షిహో బానెట్ అంచు వదిలి ఆయన వైపు తిరిగింది.

"ఆసుపత్రిలో చేరకముందు ఒకసారి దిగువకి వెళ్ళి కొలిపించుకున్నాడట. చూడ్డానికి వెళ్తే దిండు కిందనుంచి ఆ కాగితం తీసి చూపించాడు. నాలుగువందల అరవై తొమ్మిది. కారణం కూడా వాడే చెప్పాడు, ఖాళీగా పడుకుని అన్నీ చదివాడట. నీకు చెప్పొద్దన్నాడు. షిహో ఏదో ఒకరోజు తనంతట తనే కనుక్కుంటుంది, అప్పటిదాకా ఆగండి అన్నాడు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట అడిగాడు. దానికి నేను ఇంతవరకూ..."

మొమొసె తలెత్తి, షిహో భుజం మీదుగా చూసి, ఆగిపోయాడు.

వంటగదిలో కుళాయి చప్పుడు ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. మసుయో గారు తలుపు దగ్గర నిలబడి ఉంది. కడిగిన కప్పు ఒకటి ఇంకా చేతిలోనే ఉంది, మణికట్టు మీదుగా నీళ్ళు కారి నేల మీద పడుతున్నాయి. కప్పును బోర్లించి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని మొమొసె ఎదురుగా, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"గుర్రాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం," అంది. "మా వాడు మిమ్మల్ని ఏమడిగాడు?"